నీళ్ల మోటారు మార్చమన్న సేటు

బండ్ల కరెంటు పనిలో కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట చెప్పే మాట ఒకటుండేది. ఈ పనిలో టెస్టర్ ఎంత అవసరమో అనుమానమూ అంతే అవసరం. హారన్ మోగకపోతే హారన్‌ను మాత్రమే అనుమానించేవాడు సగం మిస్త్రి. వైరును, స్విచ్చును, ఫ్యూజును, చివరికి తనకంటే ముందు ఆ బండి మీద చెయ్యి వేసినవాణ్ణి కూడా అనుమానించేవాడు పూర్తి మిస్త్రి. నేను పూర్తి మిస్త్రినని చాలాకాలం గర్వపడ్డాను. ఎల్బీనగర్ నుంచి కర్మన్‌ఘాట్ పోయే దారిలో ఒక రేకుల షెడ్డులో నా ఉద్యోగమంతా గడిచింది. పని మానేసి ఇంట్లో కూర్చున్నాక వెనక్కి చూసుకుంటే, చేసిన బండ్లన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఒక్క ఎర్ర కారు మాత్రం కలవలేదు. దాని గురించే చెబుతాను.

అప్పటికి మెట్రో రైళ్లు తిరగడం మొదలైంది. ఒక పొద్దున షెడ్డు ముందు నేలకు ఆనుకున్నట్టున్న రెండు సీట్ల కారు ఆగింది. విదేశీ బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. గేటు దగ్గర గట్టు ఎక్కేటప్పుడు దాని పొట్ట గీసుకుని నా పళ్లు జివ్వుమన్నాయి. అలాంటి బండ్లు మా దగ్గరికి రావడం అరుదు. వచ్చినా సైలెన్సర్ మోత పెంచమనో, పాటల పెట్టె మార్చమనో కుర్రాళ్లు తెస్తారు. దిగినాయన కుర్రాడు కాదు. తెల్ల చొక్కా, నుదుట సన్నని గంధం, అరవైకి దగ్గర పడిన వయసు. చూడగానే గుర్తుపట్టాను. దిల్‌సుఖ్‌నగర్‌లో పట్టు చీరల షాపు సేటు. పోచంపల్లి వైపు నేతగాళ్ల కుటుంబం. ఆయన గద్దె మీద కూర్చుని, లోపలికి వచ్చే ఆడమనిషిని ఒకసారి చూసి, ఆమెకు ఏ రంగు నప్పుతుందో చీర విప్పకముందే చెబుతాడని పేరు. మా ఇంటామెకు కూడా అలాగే చెప్పాడు. ఆ చీర ఆమె ఇప్పటికీ ఎవరికీ అరువివ్వదు.

“అద్దం మీద నీళ్లు కొట్టే మోటరు మార్చాలె మిస్త్రి,” అన్నాడు. “పెద్దది ఎయ్యి. ట్యాంకు గూడ పెద్దది ఎయ్యి. ఒక్కపారి ఒత్తితే అద్దం కడిగినట్టు కావాలె.”

“ఉన్న మోటరు పని చేస్తలేదా సేట్?”

“చేస్తున్నది. సరిపోతలేదు.”

నా అనుమానం అక్కడే నిద్ర లేచింది. మా ఊళ్లో వానలెన్ని, దుమ్మెంత? అంతకు సరిపడా నీళ్లు ప్రతి కారులోనూ ఉంటాయి. అదీకాక మాట్లాడేటప్పుడు సేటు నా ముఖం చూడలేదు. నా చెవి పక్కనుంచి ఎటో చూస్తున్నాడు. తాళం చెవి ఇచ్చేటప్పుడు కూడా నా చేతికి కాకుండా పక్కన గాలికి అందించాడు. అది కిందపడితే నేనే వంగి తీసుకున్నాను. డబ్బున్నవాళ్ల పొగరు ఇలాగే ఉంటుందనుకున్నాను. ముఖం చూసి మాట్లాడని మనిషి మీద నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువ.

ఆయన ఆటో ఎక్కి వెళ్లాక కారు చుట్టూ తిరిగాను. కుడి పక్క కొత్త పెళ్లికూతురులా ఉంది. ఎడమ పక్క ముందు బంపర్ అంచు చీలింది, పక్క అద్దం తొడుగు గీసుకుపోయింది, తలుపు మీద పొడుగ్గా నీలం రంగు గీత. నాతోపాటు మా గుంటూరు మిత్రుడూ వంగి చూశాడు. షెడ్డులో అద్దాల పని, సొట్టలు తీసే పని అతనిది. ఊరు వదిలి వచ్చి ఎన్నేళ్లయినా మాట మాత్రం మారలేదు.

“మేస్త్రీగారూ, ఇది గేటు గీత కాదండీ,” అన్నాడు నెమ్మదిగా. “ఏదో స్కూటీని రాసుకుంటూ పోయినట్టుంది.”

“నీళ్లు గట్టిగ కొట్టాలె అంటున్నడు. కడుక్కునేటిది ఏమన్న ఉన్నదా?” అన్నాను.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. సెల్ ఫోన్ లైటు వేసి బంపర్ కిందా, చక్రాల సందుల్లోనూ వెతికాను. మట్టి తప్ప ఏమీ లేదు. విషయం మా షెడ్డు యజమాని చెవిన వేశాను. ఆయనది మలక్‌పేట, చీమ చిటుక్కుమన్నా పరేషాన్ అయ్యే మనిషి. “పోలీసు కేసుల బండైతే మన షెడ్డుకు తాళం పడ్తది. జల్ది చేసి పంపియ్యి. నువ్వేం అడగకు, ఆయనేం చెప్పొద్దు,” అన్నాడు.

అడగకుండా ఉండటం నా వల్ల కాలేదు. సేటు మరునాడు వచ్చినప్పుడు ఆ నీలం గీత చూపించాను. “గేటు తాకింది,” అన్నాడు. ఏ గేటో చెప్పలేదు.

పని మాత్రం మనసు పెట్టి చేశాను. ఆ కారులో నీళ్ల ట్యాంకు ఎడమ ముందు చక్రం పైన, ప్లాస్టిక్ తొడుగు వెనక ఇరుకులో ఉంటుంది. దాన్ని తీసి, ఆ సందులోనే ఒదిగేలా పెద్ద ట్యాంకు అమర్చాను. కంపెనీవాళ్లు ఇచ్చినవి రెండు సన్న ధారలు. బండి వేగం అందుకుంటే గాలికి ఆ ధారలు అద్దం దాకా చేరవు, బానెట్ మీదే చెదిరిపోతాయి. వాటి బదులు విసనకర్రలా జల్లు కొట్టే నాజిల్స్ పెట్టాను. మోటారు పెద్దదైతే కరెంటు ఎక్కువ లాగుతుంది, స్టీరింగ్ పక్కనుండే సన్న స్విచ్చు కాలిపోతుంది. అందుకని మోటారుకు విడిగా ఒక రిలే, ఫ్యూజు వేశాను. పైపు మధ్యలో నీళ్లు వెనక్కి జారకుండా చిన్న వాల్వు పెట్టాను. స్విచ్చు లాగిన మరుక్షణం అద్దం మీద వాన కురిసింది. అంత చక్కని పని ఆ షెడ్డులో అంతకుముందు చెయ్యలేదని నాకు నేనే అనుకున్నాను.

రెండు రోజులకే సేటు తిరిగొచ్చాడు.

“మోటరు మంచిగనే ఉన్నది. అద్దమే సాఫ్ అయితలేదు. మసక అట్లనే ఉన్నది.”

నేను చూశాను. అద్దం మెరిసిపోతోంది. లోపల కూర్చుని చూశాను. రోడ్డు అవతల చెట్టు ఆకులు లెక్కపెట్టుకోవచ్చు. “ఏడ మసక సేట్?” అంటే, “మొత్తం,” అన్నాడు. “ఎదురుంగ బండ్లు ఒస్తే లైట్లు పగిలి చెల్లాచెదురైనట్టు కొడ్తున్నయి. నీ నీళ్లల్ల ఏం కలిపినవ్?”

నాకు రోషం వచ్చింది. ట్యాంకు ఆయన ముందే ఖాళీ చేసి మంచి నీళ్లు పోశాను. మళ్లీ రెండు రోజులకు వచ్చాడు. ఈసారి షాపు నుంచి సీలు తియ్యని నీళ్ల సీసాలు తానే తెచ్చుకున్నాడు. నేను పోస్తుంటే దగ్గర నిలబడి, చేతితో సీసా మూతలు తడిమి చూశాడు. నేను ఏదో మోసం చేస్తున్నానని ఆయన అనుమానం. ఈ మనిషి ఏదో కప్పిపుచ్చుకోవడానికి రోజూ వచ్చి ఇక్కడ సాక్ష్యం పుట్టిస్తున్నాడని నా అనుమానం. అద్దం బాగాలేదు కాబట్టే గుద్దాను, మెకానిక్‌దే తప్పు అని రేపు ఎక్కడో చెప్పడానికే ఇదంతా అనుకున్నాను. ఆయన ఎప్పుడూ పొద్దునే వచ్చి ఎండ తగ్గకముందే వెళ్లిపోవడం కూడా నా కంట్లో పడింది. దానికీ ఒక కారణం ఊహించుకున్నాను. ఎవరి కంటా పడకుండా తిరుగుతున్నాడని!

వైపర్ బ్లేడ్లు మార్చాను. నాజిల్ కోణం సరిచేశాను. మసక మాత్రం పోలేదు. పూర్తి మిస్త్రిని కదా, చివరికి నా అనుమానం పక్కనున్నవాడి మీదికి పోయింది. మా గుంటూరు మిత్రుడు అద్దాలకు ఏదో మెరుపు మందు రాసేవాడు. అది చవకరకమైతే ఎండకు పొర కడుతుంది.

“నువ్వేమన్న పూసినవా దీని మీద?” అని అడిగాను. అడిగిన తీరు బాగాలేదు. పక్కన యజమాని, ఇద్దరు గిరాకీలు ఉన్నారు.

అతను చేతిలో గుడ్డ బల్ల మీద పెట్టాడు. “పూస్తే మీకు చెప్పనా మేస్త్రీగారూ? ఇన్నేళ్లు పక్క పక్కన పనిచేసి నన్నిలా అడుగుతారా?” అన్నాడు. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేశాడు. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల మీద టిఫిన్ డబ్బాలు విప్పుకునేవాళ్లం. అతను తన డబ్బా తీసుకెళ్లి టైర్ల పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టాడు. ఆ గోంగూర పచ్చడి వాసన అక్కడినుంచి వస్తూనే ఉండేది.

ఈ గొడవల మధ్య ఒకరోజు, సేటు కారు షెడ్డులో వదిలి వెళ్లాక, ఒకావిడ వచ్చింది. గద్వాల చీర, చేతిలో స్కూటర్ హెల్మెట్. లోపలికి వస్తూనే కారును, తర్వాత నన్ను, తర్వాత షెడ్డు వెనక ఉన్న గది తలుపును చూసింది.

“ఈ కారు సేటు రోజు ఈడికే ఒస్తున్నడా అన్నా?”

“మీరెవరమ్మా?”

“ఆయన ఇంటిదాన్ని.”

వస్తున్నాడని చెప్పాను. ఎంతసేపు ఉంటాడు, ఒంటరిగా వస్తాడా, ఇక్కణ్నుంచి ఎటు పోతాడు అని వరసగా అడిగింది. నాకు తెలిసినంత చెప్పాను. ఆవిడ నమ్మలేదు. పక్కనున్న స్టూలు చూపిస్తే కూర్చోలేదు.

“షాపుల కూసునుడు బంద్ పెట్టిండు,” అంది. “గిరాకీ వస్తే నన్ను ముందుకు నూకి తను గోదాములకు పోతున్నడు. రాత్రి ఏ పెండ్లికి పిలిచినా రానంటడు. మా బావ, అంటే ఈయనకు పెదనాయన కొడుకు, ఊర్ల మగ్గం నేస్తడు. మా షాపుల మంచి చీరలన్ని ఆయన చేతివే. ‘రంగులు మార్చి నన్ను మోసం చేస్తున్నవ్’ అని ఆయన మొకం మీదనే చీర ఇసిరికొట్టిండు. ఆ దినం సంది మా బావ మా గడప తొక్కలే. గట్లాంటి మనిషి కాదన్నా ఈయన. ఏదో అయింది.”

నేను కారు వైపు చూశాను. ఆవిడా అటే చూసింది.

“పిల్లల పెండ్లిండ్లయినంక రెండు సీట్ల కారు కొన్నడు. నన్ను ఒక్క దినం ఎక్కమనలే. మరి ఆ రెండో సీట్ల ఎవరు కూసుంటున్నరు?”

వెళ్తూ వెళ్తూ తన ఫోన్ నంబరు చెప్పి, “ఏమన్న తెలిస్తే జర చెప్పు అన్నా. నీకు గూడ ఆడబిడ్డలుంటరు,” అంది. ఆవిడ పోయాక మా యజమాని తల పట్టుకున్నాడు. “యాక్సిడెంటు అన్నవ్, గిప్పుడు ఇంకో సంసారం అంటున్నరు. ఈ బండిని బయటికి నూకు భాయ్,” అన్నాడు.

కానీ సేటు వదిలేలా లేడు. ఆ సాయంత్రమే యజమానికి ఫోన్ చేసి, అద్దం మొత్తం మార్చమన్నాడు. ముందు అద్దం రెండు పొరల గాజు, మధ్యలో పారదర్శకమైన షీటు ఉంటుంది. ఆ షీటు పాడైందని తన నమ్మకమన్నాడు. కొత్త అద్దం తెప్పించాం. అది వచ్చిన రోజు, పొద్దున పాతది తీసి, మధ్యాహ్నానికి కొత్తది అతికించి, జిగురు ఆరాక మరునాడు బండి ఇస్తామని ఆయనకు కబురు చేశాం.

ఆ పొద్దున మా గుంటూరు మిత్రుడు నాతో మాట్లాడకుండానే తన పని మొదలుపెట్టాడు. వైపర్లు తీశాడు. సన్న తీగతో జిగురు కోసి, యజమానిని ఒక పక్క పట్టుకోమని, పాత అద్దాన్ని ఊడదీసి మెత్తటి గోనె మీద నిలబెట్టాడు. వెలుగుకు ఎదురుగా పెట్టి అన్ని వైపులనుంచీ చూశాడు. “ఎక్కడుందండీ మచ్చ?” అన్నాడు యజమానితో, నాకు వినబడేలా. అద్దంలో ఏ దోషమూ లేదు. కొత్త అద్దం అట్టపెట్టెలోనే ఉంది. కారు ముందు భాగం బోసిగా, పళ్లూడిన నోరులా ఉంది.

అప్పుడే సేటు వచ్చాడు. మేము చెప్పినా మరునాటిదాకా ఆగలేకపోయాడు కాబోలు. ఆటో దిగి నేరుగా లోపలికి వచ్చి, “కొత్తది ఏసిన్రా?” అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. చేత్తో తలుపు తడుముకుని తెరిచి, డ్రైవర్ సీట్లో కూర్చుని, తలుపు వేసుకున్నాడు. తాళం చెవి దానికే ఉంది.

రెండు చేతులూ స్టీరింగ్ మీద వేసి ఆయన ఎదురుగా చూశాడు. అద్దం ఉండాల్సిన చోట అద్దం లేదు. ఆయనకూ, బయట నిలబడిన నాకూ మధ్య గాలి తప్ప ఏమీ లేదు. నేను ఆయన కళ్లల్లోకే చూస్తున్నాను.

“ఇది గూడ గంతే,” అన్నాడు సేటు. “కొత్తదానికి గూడ మసక ఉన్నది.”

మా యజమాని చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆయన ఎగతాళి చేస్తున్నాడేమో అని ఒక్క క్షణం అనుమానించాను. అది కూడా ఒప్పుకుంటాను. ఇంతలో ఆయన తాళం చెవి తిప్పాడు.

“సేట్, ఒత్తకున్రి!” అని అరిచాను. అప్పటికే స్విచ్చు లాగాడు.

నేను అంత మురిపెంగా బిగించిన మోటారు, అంత జాగ్రత్తగా సరిచేసిన నాజిల్స్, అన్నీ ఒక్కసారిగా పనిచేశాయి. అడ్డుకునే అద్దం లేక ఆ జల్లంతా ఆయన ముఖం మీద, తెల్ల చొక్కా మీద పడింది. నుదుటి గంధం కరిగి ముక్కు పక్కనుంచి కారింది. మా యజమాని నోట నవ్వులాంటిది బయటికొచ్చి మధ్యలోనే తెగిపోయింది.

సేటు స్విచ్చు వదిలేశాడు. నీళ్లు కారుతుండగా అలాగే కూర్చున్నాడు. తర్వాత కుడి చెయ్యి మెల్లగా ఎత్తి, ముందుకు చాచాడు. అద్దం తగులుతుందని ఆగి ఆగి చాచాడు. ఆ చెయ్యి ఏదీ తగలకుండా బయటికి, బానెట్ పైకి వచ్చేసింది. వేళ్లు గాలిలో తెరుచుకుని మూసుకున్నాయి.

“అద్దం ఏది?” అన్నాడు. గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

“తీసినం సేట్. కొత్తది ఇంక పెట్టలే.”

నేను చూసిన వాటన్నిటికీ అప్పుడు అర్థం తెలిసింది. ముఖం చూడకుండా మాట్లాడటం, గాలికి అందించిన తాళం చెవి, ఒక పక్కనే పడిన గీతలు, చీకటి పడకముందే ఇల్లు చేరడం. ఒక్కొక్కటి నేను సరిగ్గానే గమనించాను. అన్నిటికీ తప్పుడు కారణమే వెతికాను.

మొదట ఆయనకు కోపం వచ్చింది. “నాతోని ఆట ఆడుతున్రా?” అని అరుస్తూ దిగాడు. ఆ కోపం ఎంతోసేపు నిలబడలేదు. మా గుంటూరు మిత్రుడు ఉతికిన తువ్వాలు ఒకటి తెచ్చి ఆయన చేతిలో, సరిగ్గా చేతిలోనే పెట్టి, “తుడుచుకోండి బాబుగారూ,” అన్నాడు.

సేటు స్టూలు మీద కూర్చుని చాలాసేపు ముఖం తుడుచుకున్నాడు. “మిస్త్రి, తాళం చెవి ఇయ్యి. నేను ఇంటికి పోత,” అన్నాడు.

నేనప్పటికే కారులోంచి తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాను. “ఇయ్య సేట్.”

“కారు నాది.”

“కారు మీదే. రోడ్డు మీ ఒక్కరిదే కాదు గద. ఆ నీలం గీత ఏంది? నిజం చెప్పున్రి.”

ఆయన తల వంచుకున్నాడు. “చైతన్యపురి సందుల ఒక స్కూటీ పిల్ల. ఏడికెళ్లి ఒచ్చిందో కనవడలే. కింద పడలే, నన్ను తిట్టుకుంట పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. అద్దం సాఫ్‌గ లేకనే గట్లయిందని అనుకున్న. అద్దం మంచిగ చేపిస్తే అయిపోతదని అనుకున్న.”

“దవాఖానకు పోలేదా?”

“మా నాయన మగ్గం మీదనే కండ్లు పోగొట్టుకున్నడు. డాక్టరు ‘ఇగ రావు’ అన్న దినం సంది ఆయన మాట్లాడుడు బంద్ చేసిండు. గా మాట నేను ఇనదల్చుకోలే.” తువ్వాలు మడిచి, “నా షాపు మొత్తం నా కండ్ల మీద నడుస్తది మిస్త్రి. గుడ్డి సేటు దగ్గర చీర ఎవరు కొంటరు? ఎవ్వరికి చెప్పకు. నా ఇంటిదానికి అస్సలు చెప్పకు,” అన్నాడు.

ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. మాట ఇచ్చినట్టే తలూపాను. తర్వాత పక్కకు వెళ్లి ఆవిడకు ఫోన్ చేశాను. చేసినందుకు ఇప్పటికీ బాధ లేదు. సరూర్‌నగర్ సందుల్లో బడి వదిలే వేళకు రోడ్డు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఆవిడ స్కూటర్ మీద ఆదరాబాదరా వచ్చింది. లోపలికి అడుగుపెట్టగానే ఆమె చూపు మొదట కారులో రెండో సీటు మీదికే పోయింది. ఆ తర్వాతే తడిసి కూర్చున్న భర్తను చూసింది. జరిగింది నేను రెండు ముక్కల్లో చెప్పాను. ఆవిడ నమ్మలేనట్టు ఆయన ఎదురుగా నిలబడి, చేతిలో హెల్మెట్ ఎత్తి, “ఇదేంది?” అంది. ఆయన కళ్లు చిట్లించి, “బ్యాగు,” అన్నాడు.

ఆవిడ అక్కడే, గ్రీజు మరకల నేల మీద కూలబడింది. కొంగుతో ఆయన ముఖం మీద మిగిలిన గంధం తుడుస్తూ, “గిదానికా? గిదానికా నన్ను ఇన్ని దినాలు ఏడ్పిచ్చినవ్? నేను ఎవతెవతెనో తిట్టుకున్న గదనయ్యా!” అని ఏడ్చింది. ఏడుపులో ఎంత బాధ ఉందో అంత తేలిక కూడా ఉంది. భర్తకు చూపు పోతోందని తెలిసి కాస్త ఊపిరి తీసుకున్న ఇల్లాలిని నేను ఆవిడ ఒక్కతెనే చూశాను.

ఆవిడ స్కూటర్ మా దగ్గరే వదిలి, వాళ్లిద్దరూ ఆటోలో వెళ్లిపోయాక కొత్త అద్దం ఎలాగూ బిగించాలి. ఆ పని ఒక్కడి వల్ల కాదు. ఇద్దరు చెరో పక్క పట్టుకుని ఒకేసారి దించాలి. యజమాని టీ తాగడానికి వెళ్లిపోయాడు. నేను వెళ్లి ఒక పక్క పట్టుకున్నాను. మా గుంటూరు మిత్రుడు నావైపు చూడకుండా, “మీ పక్క కొంచెం ఎత్తండి,” అన్నాడు. ఎత్తాను. “ఇంకొంచెం.” ఎత్తాను. ఆ మధ్యాహ్నం అతని డబ్బా మళ్లీ మా బల్ల మీదికి వచ్చింది. అనుమానించినందుకు నేను క్షమాపణ అడగలేదు, అతనూ అడిగించుకోలేదు. పచ్చడి మాత్రం నా గిన్నెలో రెండుసార్లు వేశాడు.

సేటుకు రెండు కళ్లలోనూ ముదిరిన శుక్లాలు. ఆయన మాటలో చెప్పాలంటే మోతిబిందు. కుడి కంటికి ఆపరేషన్ చేస్తే చూపు శుభ్రంగా వచ్చింది. ఎడమ కంట్లో దానితోపాటు నీటికాసుల జబ్బు కూడా ఉందట. ఆ కన్ను చాలావరకు పోయిందని, ఇంకొన్నాళ్లు ఆగితే రెండోదీ అదే దారి పట్టేదని డాక్టరు చెప్పాడట. ఇవన్నీ ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. కారు మా షెడ్డులోనే గుడ్డ కప్పుకుని ఉంది.

కొన్ని వారాల తర్వాత ఆయన నల్లద్దాలతో వచ్చాడు. నన్ను చూసి, సరిగ్గా నా ముఖంలోకి చూసి, “నువ్వు గింత ముసలోనివా మిస్త్రి?” అన్నాడు. కారు మీది గుడ్డ తీశాను. ఆయన చుట్టూ తిరిగి, నల్లద్దాలు పైకెత్తి, మళ్లీ తిరిగాడు.

“గింత ఎరుపా! ఇటుక రంగనుకుని కొన్న,” అన్నాడు. నవ్వాడు. తర్వాత ఆ నవ్వు మెల్లగా ఆగిపోయింది. ఏదో గుర్తొచ్చినట్టు తలుపు రంగు మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

“మిస్త్రి, నాకు డాక్టరు ఇంక బండి నడపొద్దన్నడు. రేపు నువ్వు జర తీస్కపోతవా? మా ఊరికి పోవాలె. అన్న దగ్గరికి.”

మరునాడు పొద్దున ఆయన్ని రెండో సీట్లో కూర్చోబెట్టుకుని విజయవాడ రోడ్డెక్కాను. ఒళ్లో ఒక చీర పెట్టె పట్టుకున్నాడు. అన్న ముఖాన విసిరికొట్టిన చీరే అది, గోదాములో అడుగున పడి ఉంటే వెతికి తీశాడట. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ముందు లారీ లేపిన దుమ్ము అద్దమంతా కమ్మింది. స్విచ్చు లాగాను. ఒక్క జల్లుకు రోడ్డంతా కళ్ల ముందుకొచ్చింది. సేటు ఊళ్లోకి తిరిగేదాకా అద్దంలోంచి చేలనే చూస్తూ కూర్చున్నాడు.

అన్న ఇల్లు రోడ్డు మీదే. లోపల మగ్గం చప్పుడు వినిపిస్తోంది. మేము గడప దగ్గర నిలబడగానే ఆగిపోయింది. బయటికొచ్చినాయన సేటుకంటే పెద్దవాడు, బక్కపల్చని మనిషి, వేళ్లకు రంగు మరకలు. తమ్ముణ్ణి చూశాడు, ఎర్ర కారును చూశాడు, నన్ను చూశాడు. కూర్చోమనలేదు.

సేటు చీర పెట్టె తెరిచి చూపించాడు. “అన్నా, నాకు కండ్లు మసకలు కమ్మినయి. గప్పుడు నాకు తెల్వలే. ఇది నువ్వు చెప్పిన రంగే. ఇయ్యాల చూసిన,” అన్నాడు.

అన్న చీర ముట్టుకోలేదు. లోపలికెళ్లి, గోడకు వేలాడుతున్న రంగు నూలు చుట్టల్లోంచి, చిలపలంటారు వాటిని, ఒకటి తీసుకొచ్చి తమ్ముడి ముందు పట్టాడు. ముఖంలో నమ్మకం లేదు.

“ఇదేందో చెప్పు.”

సేటు దాన్ని వెలుగులోకి పట్టుకుని చూశాడు. “నెమలి కంఠం. జర నలుపు దిక్కు పోయింది. రంగుల ఇంక ఒక్క ముంపు తక్కువైతే బాగుండు.”

అన్న ఆ చిలపను తనూ వెలుగులో పెట్టి చూసుకున్నాడు. అది నిజమేనని ఆయన కనుబొమలు చెప్పాయి. నోరు మాత్రం వేరే మాట అంది.

“సరిగ్గనే చెప్పినవ్. ఇయ్యాల కండ్లు కనవడ్తున్నయి గనక నమ్మినవ్. గప్పుడు కండ్లు లేకపాయె, నా మాట ఉండె గద. దాన్నెందుకు నమ్మలే?”

నేను అక్కడ నిలబడలేక కారు దగ్గరికి వచ్చేశాను. దూరంనుంచే చూస్తున్నాను. ఇంటి ఇల్లాలు చెంబుతో నీళ్లిచ్చింది. సేటు నిలబడే తాగాడు. అన్న వెళ్లి మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. సేటు కాసేపు గడప దగ్గరే ఉండి, చెప్పులు విడిచి, లోపలికెళ్లి ఆ మగ్గం పక్కన నేల మీద చతికిలబడ్డాడు. మగ్గం చప్పుడు మళ్లీ మొదలైంది.

ఎండ నెత్తికెక్కింది. కారు తలుపులు ముట్టుకోలేనంత కాలుతున్నాయి. పిలవాలా వద్దా అని నేను తచ్చాడుతుంటే ఆ ఇంటి ఇల్లాలు వాకిట్లోకి వచ్చింది.

“నువ్వు రా అన్నా, అన్నం వెట్టిన, తిను,” అంది. “ఆ ఇద్దరు ఇప్పట్ల లేవరు.”